ఎండకూ గోడకూ మధ్య

ఈ స్మారకోపన్యాసానికి మధ్యయుగ ఐరోపా కళను విషయంగా తీసుకున్నాను. చుట్టూ అద్దాల మేడలున్న ఈ మాదాపూర్‌లో, పగలూ రాత్రీ కంప్యూటర్ల ముందు గడిచే ఈ హైటెక్ సిటీలో, ఎనిమిది వందల ఏళ్లనాటి చర్చీల ఊసు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే అది. గోడ మోసే బరువును స్తంభాలకు అప్పజెప్పి, ఖాళీ అయిన గోడ స్థానంలో గాజు నిలబెట్టడం అనే పనిని పెద్ద ఎత్తున, సిద్ధాంతంగా చేసి చూపినవాళ్లు 12, 13 శతాబ్దాల ఉత్తర ఫ్రాన్స్ మేస్త్రీలు. ఈ ఐటీ కారిడార్‌లో రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా లేచిన ప్రతి అద్దాల గోడా ఆ ఆలోచనకు దూరపు వారసురాలే. ఆ ఆలోచన ఎందుకు పుట్టింది, ఎక్కడ చెల్లింది, ఎక్కడ చెల్లలేదు అన్నది తెలిస్తే మన ఊరి సంగతి కూడా కొంత తెలుస్తుంది. నేను చెప్పదలచినది ఒక్కటే. కళలో శైలి అంటే కమాను ఆకారం కాదు, గోపురం ఎత్తు కాదు. ఒక నేల మీది ఎండకూ, అక్కడి మనుషులు కట్టుకున్న గోడకూ మధ్య కుదిరిన ఒడంబడికే శైలి.

ముందు పేర్ల సంగతి త్వరగా ముగిస్తాను. ‘గోథిక్’ అన్నది ఆ చర్చీలు కట్టినవాళ్లు పెట్టుకున్న పేరు కాదు. 16వ శతాబ్దపు ఇటలీ పండితులు, ముఖ్యంగా 1550లో చిత్రకారుల జీవితాలు అచ్చువేసిన వాసారి, రోమును కూల్చిన గోథు జాతివారి మోటుతనమని ఈసడిస్తూ అంటగట్టిన మాట అది. అంతకు ముందరి శైలిని ‘రోమనెస్క్’ అనడం 1818లో ఫ్రాన్స్‌లో మొదలైంది. అసలు ‘మధ్యయుగం’ అన్న మాటే, ప్రాచీన వైభవానికీ తమ కాలానికీ నడుమ చీకటి ఉందని నమ్మినవాళ్లు కల్పించినది. పాఠ్యపుస్తకాలు ఈ పేర్లను వరసగా పేర్చి, ఒక్కోదానికి నాలుగేసి లక్షణాలు అంటించి, విద్యార్థి చేత వల్లె వేయిస్తాయి. వల్లె వేసిన లక్షణాలతో కట్టడాన్ని గుర్తుపట్టవచ్చు కాని అది అలా ఎందుకుందో చెప్పలేం. అందుకని ఈ పేర్లను పక్కన పెట్టి గోడనే చూద్దాం.

కాన్‌స్టాంటినోపుల్‌లో హాగియా సోఫియా 537లో పూర్తయింది. ఇటలీలోని రవెన్నాలో సాన్ విటాలే చర్చిని 547లో ప్రతిష్ఠించారు. ఈ బైజాంటిన్ కట్టడాల్లో గోడ గోడగానే ఉంది, కాని దాని లోపలి ముఖమంతా గాజు ముక్కలు, బంగారు రేకు పొదిగిన చిన్న చిన్న బిళ్లలు. ఆ బిళ్లలను నున్నగా ఒకే మట్టాన పరచలేదు. కొంచెం అటూ ఇటూ వంచి సున్నంలో అదిమారు. చిన్న కిటికీ నుంచి వచ్చిన కాస్త వెలుగు, ఒక దీపం మంట, వాటి మీద పడితే గోడే వెలుగుతున్నట్టు ఉంటుంది. పడమటి ఐరోపాలో వచ్చిన రోమనెస్క్ కట్టడాలకు మరో ఇబ్బంది ఎదురైంది. కర్రకప్పులు తరచు తగలబడేవి. అగ్గికి తట్టుకోవాలంటే రాతికప్పు కావాలి. సొరంగంలా వంచి కట్టిన రాతికప్పు కిందికి బరువు దించడమే కాదు, పక్కలకు తోస్తుంది కూడా. ఆ తోపుడుకు నిలవాలంటే గోడ మందంగా ఉండాలి, దానికి పెద్ద చిల్లు పెట్టకూడదు. లోపల చీకటి. ఆ చీకటి గోడకు ఇచ్చిన జవాబు చిత్రం. 1123లో ప్రతిష్ఠించిన స్పెయిన్ కొండపల్లె తౌల్‌లోని సాంత్ క్లిమెంట్ చర్చి అర్ధగోళపు గోడ మీద వేసిన క్రీస్తు బొమ్మను ఇప్పుడు బార్సిలోనా మ్యూజియంలో చూడవచ్చు. లావుపాటి గీతలు, నీడలు లేని చదునైన రంగులు, ముఖం కంటే పెద్దవిగా తోచే కళ్లు. చేతకాక అలా గీశారనుకోవడం పొరపాటు. మసక వెలుతురులో, దూరం నుంచి, చూసేవాడి కంటికి అందవలసిన బొమ్మ అలాగే ఉండాలి. మన తోలుబొమ్మల కళ్లు పెద్దవిగా ఎందుకుంటాయో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కరలేదు.

ఇక్కడి నుంచి కథ వేగం అందుకుంటుంది. ఇంగ్లండులో 1093లో మొదలైన డరమ్ కెథడ్రల్ రాతికప్పుకు పక్కటెముకల్లాంటి రాతి పట్టెలు వేశారు. పారిస్ శివారు సాన్ దెనీ మఠంలో సుజేర్ మఠాధిపతి కట్టించిన కొత్త గర్భాలయాన్ని 1144 జూన్ 11న ప్రతిష్ఠించారు. మొనదేలిన కమాను, రాతి పట్టెలు, బయటి నుంచి చెయ్యి చాచి ఆపినట్టుండే ఊతకమానులు, ఈ మూడూ కలిశాక బరువు కొన్ని బిందువుల దగ్గరికి చేరింది. ఆ బిందువుల మధ్య గోడకు పని తగ్గింది. ఇందులో మొనదేలిన కమాను ఐరోపా సొంతం కాదు. కైరోలోని ఇబ్న్ తూలూన్ మసీదులో 9వ శతాబ్దంలోనే అది వరసలుగా నిలిచి ఉంది. ఇటలీలోని మోంతే కస్సీనో మఠానికి 11వ శతాబ్దంలో చేరిందనీ, అరబ్బు రేవులతో వర్తకం చేసిన అమాల్ఫీ వ్యాపారుల బాటలో వచ్చి ఉంటుందనీ చరిత్రకారులు చెబుతారు. లండన్ సెయింట్ పాల్స్ కట్టిన క్రిస్టఫర్ రెన్ కూడా గోథిక్‌ను సారసెన్ల, అంటే అరబ్బు ముస్లిముల, శైలి అన్నాడు. ఆ కమాను మరో దారిలో మన దక్కనుకూ వచ్చింది. 1591 నాటి చార్మినార్‌లో నాలుగు దిక్కులా నిలిచింది దాని చుట్టమే. కనుక గోథిక్ కమానును చూసి ఇది పూర్తిగా పరాయిదని హైదరాబాదీ అనుకోనక్కరలేదు. పరాయిది కమాను కాదు, దాని కింద పరచుకున్న గాజు.

ఆ గాజు సంగతి కాస్త నిలబడి చూడాలి. 12వ శతాబ్దపు తొలిభాగంలో థియోఫిలస్ అనే పేరుతో ఒక సన్యాసి రాసిన చేతివృత్తుల గ్రంథంలో దాని తయారీ ఉంది. బీచ్ చెట్టు బూడిద, ఇసుక కలిపి కరిగించాలి. నాటి పనివాళ్లు నీలానికి కోబాల్ట్, ఎరుపుకు రాగి, ఊదాకు మాంగనీసు వాడేవారు. రాగి ఎరుపు ఎంత చిక్కనిదంటే గాజంతా అదే రంగైతే వెలుగు దాటదు. అందుకని తెల్లగాజు మీద పలచని ఎర్రపొర ఎక్కించేవారు. ముక్కలు కోసి, ముఖాల, బట్టల గీతలు నల్లరంగుతో దిద్ది, కొలిమిలో కాల్చి, సీసపు పట్టీలతో అతికేవారు. 1194లో మంటల్లో పోయి మళ్లీ కట్టిన షార్త్ర్ కెథడ్రల్‌లో ఇలాంటి కిటికీలు 170కి పైగా ఉన్నాయి. గోథిక్ అంటే వెలుగు అని చెప్పేవాళ్లు ఒక నిజాన్ని దాటవేస్తారు. షార్త్ర్ లోపల చీకటిగానే ఉంటుంది. ఆ నీలాలు, ఎరుపులు ఎండను చాలావరకు తాగేస్తాయి. గోడను తీసేసింది లోపలికి ఎండ రావడానికి కాదు, ఎండను రంగుగా మార్చడానికి. 13వ శతాబ్దం నడిమి నుంచి తెల్లగాజు, బూడిదరంగు గీతల కిటికీలు పెరిగాయి. 14వ శతాబ్దం మొదట్లో వెండితో పసుపురంగు ఎక్కించడం వచ్చింది. అప్పుడు గాని లోపల తెల్లబారలేదు. తెల్లబారడంతో రాతి మీది చెక్కడపు నగిషీ కంటికి ఆనింది, శిల్పి చెయ్యి సన్నబడింది. ఆ శతాబ్దంలో శిల్పంలో వచ్చిన సుకుమారాన్ని భక్తిభావంలో మార్పుగా మాత్రమే చెప్పేవాళ్లు ఈ కిటికీలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇదంతా ఇంజనీరింగు తర్కంగా చెబుతున్నానని ఒక ఆక్షేపణ రావచ్చు, అది బలమైనదే. 19వ శతాబ్దంలో ఫ్రెంచి వాస్తుశిల్పి వియొలే లె ద్యూక్ గోథిక్‌లో ప్రతి రాయికీ ఒక పని ఉందన్నాడు. రాతి పట్టెలే కప్పును మోస్తాయన్నాడు. 1934లో మరో ఫ్రెంచి వాస్తుశిల్పి పోల్ అబ్రహాం దాన్ని ఖండించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దెబ్బలు తిన్న చర్చీల్లో కొన్నిచోట్ల పట్టెలు రాలిపోయినా కప్పు నిలిచే ఉంది. అంటే పట్టెలు మోయవలసినంత మోయడం లేదు, మోస్తున్నట్టు కనబడుతున్నాయి. ఈ సాక్ష్యాన్ని నేను ఒప్పుకుంటాను. అది నా వాదాన్ని పడగొట్టదు సరికదా దానికి ప్రాణం పోస్తుంది. పట్టె మోసినా మోయకున్నా, మేస్త్రీ కోరుకున్నది గోడ బరువు కోల్పోయినట్టు కనిపించడం. ఆ కోరికకు హద్దు ఉందని ఉత్తర ఫ్రాన్స్‌లోని బోవే కెథడ్రల్ చెప్పింది. అక్కడి గర్భాలయపు కప్పును 48 మీటర్ల ఎత్తుకు తీసుకుపోయి 1272లో ముగించారు. 1284లో కొంత భాగం కూలింది. మళ్లీ కట్టినప్పుడు స్తంభాల మధ్య స్తంభాలు దూర్చవలసి వచ్చింది.

ఇప్పుడు ఆల్ప్స్ దాటుదాం. అస్సీసీలోని సాన్ ఫ్రాంచెస్కో చర్చికి 1228లో పునాది పడింది, 1253లో ప్రతిష్ఠ జరిగింది. పైచర్చిలో రాతి పట్టెలున్నాయి, మొనదేలిన కమానులున్నాయి, రంగుగాజూ ఉంది. ఫ్రెంచి పాఠమంతా వచ్చింది. అయినా గోడను వదులుకోలేదు. కిటికీల కింద వెడల్పాటి గోడ అలాగే నిలిచింది, దాని మీద చిమాబ్యూ, జొత్తో పేర్లతో చెప్పుకునే ఫ్రెస్కోలు పరచుకున్నాయి. అక్కడి ఎండకు చిన్న కిటికీ చాలు. ఆ ఎండలో తడిసున్నం మీది రంగు చక్కగా కనబడుతుంది. ఐరోపా చిత్రకళ మనిషి ఒంటికి బరువూ నీడా ఇచ్చిన చోటు ఇలా మిగిలిన గోడే. ఉత్తరాన గాజుకు పోయిన గోడ ఇటలీలో చిత్రకారుడికి దక్కింది. బార్సిలోనాలో 1329 నుంచి 1383 దాకా కట్టిన సాంతా మరియా దెల్ మార్ కూడా అంతే. గోథికే, కాని నున్నటి పెద్ద గోడలు, పొదుపైన కిటికీలు.

దీనికి వెంటనే ఎదురు ఉదాహరణ చూపవచ్చు. స్పెయిన్ ఎండలోనే లెయోన్ కెథడ్రల్ ఉంది, అది దాదాపు గాజుపెట్టె. మిలాన్ కెథడ్రల్ కిటికీలూ చిన్నవి కావు. మతం, రాజుల పోటీ, రోము నుంచి వచ్చిన అలవాటు, ఊరి డబ్బు, ఇవన్నీ ఉండగా అంతా ఎండే నిర్ణయించిందనడం ఎలా? అలా నేను అనడం లేదు. ఎండ ఆజ్ఞ ఇవ్వదు, ధర చెబుతుంది. లెయోన్ ఆ ధర చెల్లించింది. సన్నని రాతి అస్థిపంజరం, అంత మంచిది కాని రాయి, అంత గాజు కలిసి 19వ శతాబ్దానికి కూలే స్థితికి వచ్చింది. పెద్ద భాగాన్ని విప్పి మళ్లీ కట్టవలసి వచ్చింది. డబ్బూ కోరికా ఉన్నవాళ్లు ఎండకు ఎదురీదవచ్చు. ఈదిన ఖర్చు మాత్రం ఎవరో ఒకరు కట్టాలి. ఇక మధ్యయుగ కళంటే కట్టడాలేనా, లిండిస్‌ఫార్న్, కెల్స్ వంటి చిత్రిత గ్రంథాలు, దంతపు బొమ్మలు, మీనాకారీ పనులు ఏమయ్యాయని అడగవచ్చు. వాటికి వేరే ఉపన్యాసం కావాలి. ఒక్క మాట మాత్రం చెబుతాను. పుటల్లో బంగారం పులిమిన చేతికి తెలిసినది రవెన్నా మేస్త్రీకి తెలిసినదే. మసకలో వెలుగును పట్టి తిప్పి కొట్టడం.

ఇప్పుడు మన నేలకు వస్తాను. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది. పారిస్ నోత్ర్ దామ్‌కు పునాది పడిందని చెప్పే ఏడాదీ అదే. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు రామప్ప గుడిని ప్రతిష్ఠించింది 1213లో. ఫ్రాన్స్‌లో రాన్స్ కెథడ్రల్ మొదలై అప్పటికి రెండేళ్లు. ఈ తేదీల కలయికలో సంబంధమేదీ లేదు, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోలేదు. పోల్చేది ప్రభావాన్ని కాదు, ఒకే కాలంలో ఒకే ప్రశ్నకు ఇచ్చిన రెండు జవాబులను. రామప్పలో మేస్త్రీ కమాను వాడలేదు, స్తంభమూ దూలమూ వాడాడు. మండపానికి మూడు వైపులా నిలువెత్తు గోడ లేదు. కూర్చునేందుకు వీలైన పొట్టి గోడ, దాని పైన ఖాళీ, ఆ పైన బయటికి చాచిన చూరు. నడినెత్తి ఎండను చూరు ఆపుతుంది. వెలుగు నేల మీద పడి కింద నుంచి పైకి లోపలికి వస్తుంది. లోపల నల్ల డోలరైట్ స్తంభాలను అద్దంలా మెరుగు పెట్టారు. ఆ మెరుగే ఆ వెలుగును అందుకుని గర్భాలయం దాకా ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి దీపం అందించినట్టు తీసుకుపోతుంది. చూరు కింద నిలిచిన మదనికలను చూసి శిల్పి నైపుణ్యాన్ని మెచ్చుకుంటాం, మెచ్చుకోవలసిందే. కాని వాళ్లు నిలిచినది సరిగ్గా ఎండా నీడా కలిసే గీత మీద. ఒంటి వంపులు అంత స్పష్టంగా తేలడానికి ఆ చోటే కారణం. 2021 జులైలో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఇసుకపెట్టె పునాది గురించీ నీటిలో తేలే ఇటుకల గురించీ ఎక్కువ మాట్లాడుకున్నాం. చూరు గురించి తక్కువ మాట్లాడుకున్నాం.

గోథిక్ తెలుగునేల మీద స్వయంగా నిలబడిన చోటు మెదక్. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ పూనికతో, కరువులో అల్లాడుతున్న జనానికి పని చూపి తిండి పెట్టాలన్న సంకల్పంతో లేచిన ఆ కెథడ్రల్‌ను 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గంటగోపురం. ఇది మధ్యయుగ కట్టడం కాదు, 19వ శతాబ్దంలో ఇంగ్లండులో పునరుద్ధరించిన గోథిక్‌కు శాఖ. కాబట్టి అసలు మధ్యయుగ కళ గురించి చెప్పడానికి ఇది సాక్ష్యం కాదని కొందరు తోసిపుచ్చుతారు. నేను తోసిపుచ్చను. శైలి ఊరు మారినప్పుడే దానిలో విడవరానిదేదో, విడిచిపెట్టగలిగినదేదో తేలుతుంది. మెదక్‌కు మొనదేలిన కమాను వచ్చింది, ఎత్తు వచ్చింది, గోపురం వచ్చింది. గాజు మాత్రం వంతు తగ్గి వచ్చింది. షార్త్ర్‌లో నూట డెబ్భైకి పైగా ఉన్న చోట ఇక్కడ పేరుపొందిన రంగుగాజు కిటికీలు మూడు. ఇంగ్లిషు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ చిత్రించిన క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమరాయి. ఖర్చు వల్లే మూడయ్యాయని అనవచ్చు. కావచ్చు. ధర అన్నది కూడా ఒడంబడికలో భాగమే అని ఇందాకే చెప్పాను. తక్కిన చోట దక్కను రాయి గోడగా నిలిచింది. ఫలితం చూడండి. మన ఎండ ఎంత గట్టిదంటే ఆ మూడు కిటికీలే అంత పెద్ద హాలుకు రంగునివ్వడానికి చాలాయి. పగలు బొమ్మలు మండినట్టు కనబడతాయి, పొద్దు గుంకితే ఆరిపోతాయి. మెదక్ మేస్త్రీలూ కూలీలూ గోథిక్‌ను కాపీ కొట్టలేదు, దానిని ఇక్కడి ఎండకు సర్దుబాటు చేశారని నా నిర్ణయం.

ఆ సర్దుబాటు ఈ కారిడార్‌లో జరగలేదు. అద్దాల గోడకు 20వ శతాబ్దపు తొలి ప్రవక్తల్లో ఒకడైన వాల్టర్ గ్రోపియస్ 1919లో బౌహౌస్ కళాపాఠశాల ప్రకటన వెలువరించినప్పుడు దాని ముఖపత్రం మీద చిత్రకారుడు ఫైనింగర్ చెక్కిన బొమ్మ ఒక కెథడ్రల్. 1926లో దెస్సావ్‌లో అతను కట్టిన బౌహౌస్ భవనానికి తెరలా వేలాడే గాజు గోడ పెట్టాడు. జర్మనీ చలిదేశం, అక్కడే ఆ భవనం వేసవిలో ఉడికేది. పారిస్‌లో పగలు అన్నిటికన్నా పొట్టిదైన డిసెంబరు రోజు మధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో 18 డిగ్రీల ఎత్తు కూడా లేవడు. అలాంటి చోట ఎండను వెతికి లోపలికి పిలవాలి. హైదరాబాదులో అదే రోజు 49 డిగ్రీలు. జూన్‌లోనైతే నడినెత్తిని దాటి ఉత్తరానికి వెళతాడు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి ఇక్కడ పెద్ద కట్టడం అంటే అద్దమనే భావన స్థిరపడింది. రెండున్నర వందల కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైట్ బండలను పేల్చి, ఆ చోట గాజు నిలిపాం. నేటి గాజు నాటి గాజు కాదు, వేడిని వెనక్కి పంపే పూతలున్నాయి, రెండు పొరలున్నాయి అని భవన నిపుణులు చెబుతారు. నిజమే. కాని వేడిని ఆపే పూత వెలుగునూ కొంత ఆపుతుంది. పైగా తెర మీద చూపు నిలిపి పనిచేసేవాళ్లకు మెరుపు అడ్డం. అందుకని బ్లైండ్లు దించి, పట్టపగలు దీపాలు వేసుకుని కూర్చుంటారు. గోథిక్ మేస్త్రీ గోడ తీసేసి రంగు తెచ్చుకున్నాడు. మనం గోడ తీసేసి, దాని మీద మళ్లీ గుడ్డ తెర కట్టుకుని, ఏసీకి డబ్బు కడుతున్నాం. 2017 నాటి ఇంధన పొదుపు భవన నియమావళి సాధారణ మార్గంలో గోడలో గాజు 40 శాతం మించకూడదంది. అంతకు మించి కావాలంటే మరో మార్గంలో లెక్కలు చూపి అనుమతి తెచ్చుకోవచ్చంది.

వేరే దారి లేదా అంటే, ఈ పక్కనే ఉంది. కొత్తగూడలో వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ రూపొందించిన సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా వెలుపల పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం అది. నడుమ ఆవరణ, గాలి గోపురాలు, జాలీ గోడలు. గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర చూసే జాలీ ఇక్కడ ఆఫీసు గోడైంది. వెలుగు వస్తుంది, ఎండ ఆగుతుంది. రామప్ప చూరు చేసిన పని అదే, మెదక్ గోడ చేసిన పనీ అదే.

ఈ సభలో భవనాలు గీసేవాళ్లున్నారు, గీయించుకునే సంస్థల బాధ్యులున్నారు, ఆర్కిటెక్చర్ విద్యార్థులున్నారు. వారికి నా విన్నపం ఒక్కటే. వచ్చే నమూనా మీద సంతకం పెట్టే ముందు ఒక మధ్యాహ్నం రామప్ప చూరు కింద నిలబడండి. ఒక సాయంత్రం మెదక్ కిటికీల ముందు కూర్చోండి. మీ భవనానికి పడమటి గోడ ఏమవుతుందని ఆ తర్వాత అడగండి. మెదక్ ఇక్కడికి వంద కిలోమీటర్ల లోపే.